తమాన్ నెగారా అడవి నడక: నెల్లూరు నుంచి ఏర్పాట్లు ఎలా చేసుకున్నాం

గైడును పెట్టుకుని మలేషియాలోని తమాన్ నెగారా అడవిలో నడుద్దాం అనగానే అందరూ ముందు ఖర్చెంత అని అడుగుతారు. మేం ముందు క్యాలెండరు తీశాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఇందులో ఒక చిక్కుంది. మన చెరువులు నింపే ఈశాన్య రుతుపవనమే మలేషియా తూర్పు భాగాన్నీ ముంచెత్తుతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలైతే, అక్కడ నవంబరులో పట్టుకుని జనవరి దాకా వదలవు. సంక్రాంతి సెలవులకు పోదామనుకుంటే నది గట్టు దాటి ఉంటుంది, కాలిబాటలు నీళ్ళలో ఉంటాయి, పడవ ఎగువకు పోదు. టూర్ల వాళ్ళు ఆ నెలల్లో రేటు తగ్గించి ఊరిస్తారు, నమ్మకూడదు. ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా కూడా బాగుంటాయి. పిల్లల బడి సెలవులు చూసుకుని మేం మే నెలాఖరు పెట్టుకున్నాం. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఉరుములతో వాన పడుతుంది, కానీ గంటా రెండు గంటల్లో తెరిపిస్తుంది. రంజాన్ పండగ వారం తగలకుండా కూడా చూసుకోవాలి. గైడ్లూ పడవలవాళ్ళూ సొంతూళ్ళకు పోతారు.

తమాన్ నెగారానే ఎందుకంటే, చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు విమానం సుమారు నాలుగు గంటలే. పహాంగ్, కెలాంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో కలిపి 4,343 చదరపు కిలోమీటర్ల అడవి అది. అందులో పహాంగ్ వైపున్న కువాలా తహాన్ అనే ఊరి దగ్గర గైడ్లు, పడవలు, బసలు అన్నీ ఒకచోటే దొరుకుతాయి. బోర్నియో ఇంకా గొప్ప అడవే గానీ కౌలాలంపూర్ నుంచి మళ్ళీ విమానం ఎక్కాలి. మొదటిసారి పోయేవాళ్ళకు అంత అక్కర్లేదు.

అక్కడి వేడి గురించి ముందే ఒక మాట. రోహిణి కార్తెలో నెల్లూరు 42 డిగ్రీల్లో మాడుతుంటే ఆ అడవిలో 32, 33 దాటదు. అది చూసి మనకిదొక లెక్కా అనుకుంటారు. పడమర గాలి తోలే రోజుల్లో మన ఒంటిమీద చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఆ చెట్ల కింద గాలి కదలదు, తేమ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. గుండె వేగం పెరుగుతుంది, అరగంటకే ఆయాసం వస్తుంది, గుడ్డలు పిండితే నీళ్ళు కారతాయి. అందుకే అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో అడగడం దండగ, ఎన్ని గంటలని అడగాలి. కువాలా తహాన్‌కు ఎగువన నది ఒడ్డునున్న కువాలా కెనియాం నుంచి కువాలా త్రెంగాన్ దాకా అడవి దారి సుమారు 13 కిలోమీటర్లు. అదే దూరం హైవే పక్కన అయితే రెండున్నర గంటల్లో నడిచేస్తాం. అక్కడ వేర్లు ఎక్కి దిగాలి, పడిపోయిన మానుల కింద దూరాలి, వాగుల్లో దిగాలి, ఎర్రమట్టి జారుడులో ఒక్కో అడుగూ చూసి వేయాలి. గంటకు ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోమీటర్లు. అందుకే ఆ దారిని రెండు రోజులకు పంచుతారు.

పొద్దు లెక్క కూడా వేరు. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. పొద్దు ఏడు ప్రాంతంలో పొడుస్తుంది, సాయంత్రం ఏడూ పావు ప్రాంతంలో కుంకుతుంది, కానీ చెట్ల కింద ఆరున్నరకే చీకటి. వాన మధ్యాహ్నం వస్తుంది కాబట్టి తొమ్మిదిలోపు బయల్దేరి నాలుగింటికల్లా పడక చోటికి చేరేలా ఉండాలి. ఏ గైడైనా పదకొండుకు బయల్దేరుదాం అన్నాడంటే ఆ ప్లాను మీద సంతకం పెట్టొద్దు.

దారుల్లో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. ఊరి దగ్గరే ఒక్క పూటలో అయిపోయేవి: చెట్ల పైకొమ్మల మధ్య వేలాడే తాళ్ళ వంతెన, బుకిత్ తెరెసెక్ గుట్ట. వీటికి గైడు తప్పనిసరి కూడా కాదు. వంతెనలో కొన్ని భాగాలు మరమ్మతుకు మూసి ఉంటాయి, పోయే ముందు అడగాలి. రెండోది గువా కెపాయాంగ్ గుహలో ఒక రాత్రి. మూడోది బుంబున్ కుంబాంగ్ అనే మంచె గదిలో ఒక రాత్రి. ఊరి నుంచి అది 11 కిలోమీటర్లు, లేదా పడవలో కువాలా త్రెంగాన్ పోయి అక్కణ్ణుంచి గంట లోపు నడక. నాలుగోది గునుంగ్ తహాన్, 2,187 మీటర్లు, మలేషియా ద్వీపకల్పంలో అన్నిటికంటే ఎత్తైన కొండ. పోను రాను వారం పైనే పడుతుంది, గైడు లేకుండా పంపరు. దానికి పోవాలంటే వేరే స్థాయి తయారీ కావాలి, ఇక్కడ ఆ సంగతి ఎత్తను. మేం గుహనూ మంచెనూ కలిపి మూడు పగళ్ళు రెండు రాత్రుల నడక మాట్లాడుకున్నాం. పడవలో కెనియాం దాకా ఎగువకు పోయి, కిందికి నడుచుకుంటూ రావడం. ఈ వరస మంచిది. ఎగువకు పోయేటప్పుడే నది మట్టం ఎంతుందో గైడు కంటితో చూస్తాడు, ఏ వాగు దాటగలమో ఏది దాటలేమో అప్పుడే తేల్చేస్తాడు.

ఇక గైడు. నడకంతా అతని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి బేరం ఇక్కడ చేయకూడదు, ప్రశ్నలు వేయాలి. మలేషియాలో గైడ్లకు పర్యాటక శాఖ లైసెన్సు ఇస్తుంది. ప్రకృతి గైడు బ్యాడ్జి ఆకుపచ్చ, ఊళ్ళు చూపించే గైడుది నీలం. ఆకుపచ్చ బ్యాడ్జి ఉందా, దాని మీద గడువు ఎప్పటిదాకా అని అడిగితే అసలు గైడు కోప్పడడు. తర్వాత, మాతో నడిచేది మీరేనా, ఇంకొకర్ని పంపుతారా? ఎక్కువమంది మాట్లాడేది ఏజెంటుతో, నడిచేది ఆ రోజు ఖాళీగా ఉన్న కుర్రాడితో. ఒక గైడుకు ఎంతమంది? ఆరుగురు దాటితే వెనక నడిచేందుకు రెండో మనిషి కావాలని మేం పట్టుబట్టాం. ముందున్న గైడుకు వెనక జారిపడినవాడు కనపడడు కదా. సామాను ఎవరు మోయాలి అన్నది తప్పకుండా అడగాలి. చాలా ప్యాకేజీల్లో తిండి సామాను, పరుచుకునే చాప, దుప్పటి, వండే గిన్నెలు నడిచేవాళ్ళకే పంచుతారు, తలా రెండు మూడు కిలోలు అదనంగా పడుతుంది. ఆ ముక్క అక్కడికి పోయాక తెలిస్తే సంచిలో చోటుండదు. నది పొంగితే ఏం చేస్తారు, డబ్బు వెనక్కిస్తారా, వేరే దారి చూపిస్తారా? ఎవరికైనా కాలు మెలికపడితే పడవ ఏ రేవుకు వస్తుంది, కబురు ఎలా పంపుతారు? అడవిలో ఫోను సిగ్నలు ఉండదు. దీనికి జవాబు 'అలాంటివి జరగవు' అని వస్తే ఇంకొకర్ని చూసుకోవాలి. జవాబులన్నీ వాట్సాప్‌లో రాతగా తీసుకోవాలి. అడ్వాన్సు మూడో వంతు మించి పంపొద్దు. పడవ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో విడిగా రాయించుకోవాలి, రేట్ల తేడా అంతా అక్కడే ఉంటుంది.

ప్రవేశ రుసుము మాత్రం నవ్వొచ్చేంత తక్కువ. పార్కు పర్మిటు మనిషికి ఒక రింగిట్ (మలేషియా డబ్బు), కెమెరాకు ఐదు. గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను విదేశీయులు విడిగా కట్టాలి, హోటలువాళ్ళు దిగేటప్పుడే అడుగుతారు.

సామాను దగ్గర కాసేపు ఆగాలి, చాలా నడకలు చెడేది ఇక్కడే. అడవిలో గుడ్డలు రెండే రెండు జతలు. ఒకటి తడి జత, ఒకటి పొడి జత. తడి జతతోనే రోజంతా నడవాలి, సాయంత్రం స్నానం చేసి పొడి జత వేసుకోవాలి, పొద్దున లేచి మళ్ళీ ఆ చల్లటి తడి జతలోకే దూరాలి. ఇది ఎవరికీ నచ్చదు. 'ఈ పూటకు పొడివి వేసుకుని నడుస్తా' అన్నవాడికి ఆ రాత్రి కట్టుకోను ఏమీ మిగలదు. జీన్సు ప్యాంటు పనికిరాదు, నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పల్చటి నైలాను లేదా పాలిస్టరు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా మేలు. తొడల మధ్యా చంకల్లో పొద్దున్నే వేజ్‌లీన్ రాసుకోవాలి, పడుకునే ముందు పాదాలు బాగా తుడిచి పౌడరు వేయాలి. పాదం రాత్రంతా పొడిగా ఉంటే మర్నాడు పొద్దంతా నానినా తట్టుకుంటుంది.

పొడి జత తడవకుండా ఖరీదైన డ్రై బ్యాగులు కొనక్కర్లేదు. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీలకు సరఫరా చేసే మందపాటి పాలిథిన్ సంచులు వాడాం. నీళ్ళూ ఆక్సిజనూ పట్టి గంటల తరబడి ప్రయాణం చేయించే సంచులవి, చుక్క కారవు. కొత్తవి తెచ్చి ఒకదాంట్లో ఒకటి రెండు తొడిగి, గాలి పోయేలా నొక్కి, మూతి మెలిపెట్టి, వంచి రబ్బరు బ్యాండు వేస్తే వాగులో సంచి మునిగినా లోపలివి తడవవు. బ్యాగు మీద వేసే వానకవరును నమ్ముకోవద్దు, నీళ్ళు వీపు వైపు నుంచి దిగుతాయి.

జలగలు ఉంటాయి. వాన పడ్డ గంటకు ఆకుల మీద నిలబడి ఊగుతుంటాయి. వాటికి మందు మోకాలి దాకా వచ్చే మేజోడు. మామూలు అల్లిక సాక్సు కన్నాల్లోంచి సన్నటి జలగ దూరిపోతుంది, కాబట్టి ఒత్తుగా నేసిన నూలు బట్టతో కుట్టించాలి. ఒకరికి మీటరు పైచిలుకు పాప్లిన్ సరిపోతుంది. దర్జీకి మూడు సంగతులు గట్టిగా చెప్పాలి: కుట్టు మడత బయటి వైపు రావాలి, లోపలుంటే నాలుగు అడుగులకే బొబ్బ లేస్తుంది. మడమ దగ్గర వదులు ఉండకూడదు. మోకాలి కింద ఎలాస్టిక్ కాకుండా నాడా పెట్టాలి, ఎలాస్టిక్ పిక్కను నొక్కేస్తుంది. ప్యాంటు కాళ్ళు ఈ మేజోడు లోపలికి దోపుకుంటే జలగ పైకి పాకుతూ కంటపడుతుంది. చెప్పుల కొట్టుకు పోయేటప్పుడు ఈ మేజోళ్ళు తొడుక్కునే పోవాలి, బూటు ఒక సైజు పెద్దది పడుతుంది.

పట్టుకున్న జలగను లాగకూడదు. సన్నటి కొన నోరు. దాని పక్కన గోరు ఆనించి పక్కకు తోస్తే వదులుతుంది, వెంటనే లావుగా ఉన్న తోక వైపూ అలాగే తోసి విసిరేయాలి. ఉప్పు చల్లడం, లైటరుతో కాల్చడం వద్దు. అది కడుపులోది పుండులోకి కక్కవచ్చు, అప్పుడు చీము పట్టొచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని హిరుడిన్ అనే పదార్థం వదులుతుంది కాబట్టి గంటల తరబడి కారుతూనే ఉంటుంది, చూడ్డానికి భయంగా ఉన్నా పోయే రక్తం కొద్దిగానే. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు మాత్రం ఇది ఆటకాదు, డాక్టరు సరే అంటేనే బయల్దేరాలి.

బూట్ల విషయంలో వేలు పోసినవాళ్ళూ తెల్లబోయే సంగతి ఒకటి. అక్కడి గైడ్లు వేసుకునేది పూర్తి రబ్బరు బూటు, కింద గుండ్రటి దిమ్మెలుంటాయి, జనం ముద్దుగా 'కంపుంగ్ అడిడాస్', అంటే పల్లెటూరి అడిడాస్, అంటారు. కువాలా తహాన్‌కు పోయే దారిలోని జెరాంతుట్ ఊరి కొట్లలో చవగ్గా దొరుకుతాయి. బురదలో జారవు, వాగు దాటాక నీళ్ళు వంపేస్తే చాలు. మన తోలు బూటు ఒకసారి తడిస్తే మూడు రోజులకూ ఆరదు, అటక మీద చాలాకాలం పడున్నదైతే అట్టకున్న జిగురు వూడి అడుగు ఊడిపోతుంది. పాదం పెద్దదైతే వాటిలో సైజు దొరక్కపోవచ్చు, అందుకని బాగా వాడి మెత్తబడిన గుడ్డ బూటు ఒకటి దగ్గరుండాలి. ఇంకొకటి, జారినప్పుడు చెయ్యి పోయి పక్కనున్న తీగను పట్టుకుంటుంది. అక్కడ పేము తీగలెక్కువ, కొక్కేల్లాంటి ముళ్ళు. తోటపని గ్లవ్జులు ఒక జత పెట్టుకుంటే చేతులు దక్కుతాయి.

మొత్తం మీద భుజాన తొమ్మిది కిలోలు దాటకూడదు. అందులో రెండు కిలోలు నీళ్ళే. రోజుకు మనిషికి మూడు లీటర్లు తాగాలి, అందులో ఒక లీటరు ఓఆర్‌ఎస్ కలిపినది. పెద్ద ప్యాకెట్టు ఒకటి లీటరుకు, సగం ప్యాకెట్టు గ్లాసులో గుప్పుకుని తాగడం మంచిది కాదు. వాగు నీళ్ళను గైడు కాచి ఇస్తాడు. దారిలో పట్టుకున్న నీళ్ళకు క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగాకే తాగాలి, ఈ అరగంట ఎవరూ ఆగరు. బురద నీళ్ళయితే ముందు గుడ్డలో వడకట్టాలి, లేకపోతే మాత్ర పనంతా బురదకే సరిపోతుంది.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తా. గైడ్లు అన్నం, డబ్బా చేపలు, గుడ్లు, నూడుల్స్ వండుతారు. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పాలి, 'చేప కూడా వద్దు' అని విడిగా చెప్పాలి. కందిపొడి, నెల్లూరు కారప్పొడి చిన్న పొట్లాలు కట్టుకుంటే ఏ అన్నమైనా దిగుతుంది. పచ్చళ్ళు విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు, లగేజిలో వేయాలి, అడవిలోకి మాత్రం తీసుకుపోవద్దు, మూత వదులైతే సంచంతా నూనె. నడిచేటప్పుడు వేరుశనగ ఉండలు జేబులో ఉంటే చాలు. బుంబున్‌లో ఎలుకలు సంచులు కొరికేస్తాయి, తినేవన్నీ తాడుకు వేలాడగట్టి పడుకోవాలి. గుహలో గబ్బిలాలుంటాయి, నేల మీద వాటి రెట్ట. గాలికి అది లేస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు గుహ రాత్రి మానుకుని మంచె రాత్రితో సరిపెట్టుకోవడం నయం.

ఒంటిని తయారు చేసుకోవడానికి నెలన్నర, రెండు నెలలు కావాలి. చదును రోడ్డు మీద ఎంత నడిచినా లాభం తక్కువ, మెట్లు కావాలి. శనివారమే గుడి తెరిచే మాలకొండ, ఉదయగిరి దుర్గం కొండ ఇందుకు బాగా పనికొస్తాయి. పెంచలకోన, భైరవకోన వైపు అడవిలోకి దిగాలంటే ముందు అటవీశాఖ వాళ్ళను అడిగే పోవాలి. మొదట ఐదు కిలోల సంచితో, ఆఖరి వారాల్లో ఎనిమిది కిలోలతో ఎక్కాలి. ఎండాకాలం కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు దిగిపోవాలి. ఎక్కడం కంటే దిగడం ఎక్కువ సాధన చేయాలి. మోకాళ్ళు నొప్పెట్టేది దిగేటప్పుడే, జారిపడేదీ అప్పుడే. బయల్దేరే రెండు రోజుల ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. షుగరు ఉన్నవాళ్ళు పాదాల్లో స్పర్శ సరిగా ఉందో లేదో ముందే చూపించుకోవాలి, తెలియకుండా పడ్డ బొబ్బ వాళ్ళకు పెద్ద పుండవుతుంది. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్ళు అంత చెమటలో మోతాదు ఎలా అని డాక్టర్ను అడిగి రావాలి.

కాగితాల పని కొంతే. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా మలేషియా పోవచ్చు. ఆ వెసులుబాటుకు గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి టికెట్టు కొనే రోజున ఒకసారి చూసుకోవాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాలి. దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్లు దొంగవి. ప్రయాణ బీమాలో 'ట్రెకింగ్' కవరవుతుందో లేదో మినహాయింపుల పేజీలో చదవాలి, మొదటి పేజీలో రాసిన మొత్తాన్ని చూసి మురిసిపోవద్దు. ప్లగ్గులు అక్కడ మూడు దీర్ఘచతురస్రపు కాళ్ళవి, అడాప్టరు కావాలి.

కౌలాలంపూర్ నుంచి జెరాంతుట్ బస్సులో మూడు నాలుగు గంటలు. అక్కణ్ణుంచి కువాలా తహాన్‌కు రోడ్డున గంటన్నర, లేదా కువాలా తెంబెలింగ్ రేవు నుంచి పడవలో రెండున్నర, మూడు గంటలు. పడవ దారి అందం. కానీ వానలు లేని రోజుల్లో నీళ్ళు తగ్గి పడవ ఇసుకలో దిగబడుతుంది, అందరూ దిగి తోయాలి. విమానం దిగిన రోజే కువాలా తహాన్ చేరాలని చూడొద్దు, ఒక బస్సు తప్పితే మర్నాటి నడకంతా తారుమారు. తిరుగు ప్రయాణంలోనూ నడక ముగిసిన రోజుకూ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచాలి.

జంతువుల మీద ఆశ పెట్టుకునేవాళ్ళకు ముందే చెప్పాలి. మలేషియా మొత్తంలో అడవిలో మిగిలిన పులులు 150 లోపే, అవి కనపడవు. కనపడేవి ఏనుగు లద్దె, అడుగుజాడలు, హార్న్‌బిల్ పక్షి, అదృష్టం ఉంటే మంచె మీద రాత్రి రెండింటికి ఉప్పునేల నాకే టాపిర్ అనే పొట్టి తొండపు జంతువు. మంచె మీద వంతులవారీగా మేలుకోవాలి, ఎర్ర కాగితం చుట్టిన టార్చితోనే చూడాలి, తెల్ల వెలుగు పడితే వచ్చినదీ పోతుంది. దారిలో బతేక్ అనే అక్కడి ఆదివాసుల ఆకుల గుడిసెలు ఎదురవుతాయి. అది వాళ్ళ ఇల్లు, ఫోటో తీసేముందు గైడుతో అడిగించాలి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ధనుర్వాతం టీకాలు బయల్దేరడానికి నెల ముందే వేయించుకుంటే పనిచేసేందుకు వ్యవధి ఉంటుంది. తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరం వస్తే వైరల్ అని రెండు రోజులు చూడకుండా డాక్టరు దగ్గరికి పోయి 'మలేషియా అడవిలో పడుకున్నాం, వాగుల్లో దిగాం' అన్న మాట ముందు చెప్పాలి. ఆ అడవుల్లో కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు వచ్చే నోలెసి అనే మలేరియా ఉంది, దాని క్రిమి రక్తంలో 24 గంటలకొకసారి రెట్లు రెట్లుగా పెరుగుతుంది కాబట్టి జబ్బు త్వరగా ముదురుతుంది. కిట్టు పరీక్షలో దొరక్కపోవచ్చు, రక్తం గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూడమని అడగాలి. డెంగీ పరీక్ష, జంతువుల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ పరీక్షా అప్పుడే చేయించుకోవాలి.